ఇరవై గ్రాముల పొడి, లీటరు నీళ్ళు: ఓఆర్ఎస్ ప్యాకెట్‌పై ఒక జువాలజీ లెక్చరర్ రివ్యూ

ఓఆర్ఎస్ ప్యాకెట్ కొనేటప్పుడు ముందువైపున్న నారింజపండు బొమ్మను చూడకండి, వెనక్కి తిప్పండి. అక్కడ నాలుగు అంకెలు ఉండాలి. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు (డెక్స్‌ట్రోజ్ అని రాసినా అదే), పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం 20.5. రుచికీ వాసనకీ వేసినవి కలిస్తే బరువు ఇంకో గ్రాము పెరగొచ్చు, అది పర్లేదు. ఈ పొడిని సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో కలపాలి. ఈ లెక్క 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరారు చేసింది. నాలుగు అంకెలూ ఉంటే ఏ కంపెనీదైనా నాకు ఒకటే, లేకపోతే ఏ కంపెనీదైనా అక్కర్లేదు. అందుకే ఈ రివ్యూలో బ్రాండు పేరు ఎక్కడా రాదు.

నేను పిడుగురాళ్ళలో ఉంటాను, మాచర్లలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. దారిలో గురజాల, రెంటచింతల వస్తాయి. ఎండల వార్తలు చదివేవాళ్ళకు రెంటచింతల గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మే నెలలో సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ పడిందంటే మిట్టమధ్యాహ్నం ఆ దారిన పల్లెవెలుగు బస్సులో రావాల్సిందే. కిటికీ తెరిస్తే వడగాలి, మూస్తే ఉక్క. కాబట్టి నా బ్యాగు పక్క జేబులో ఎప్పుడూ ఈ ప్యాకెట్లు ఉంటాయి. నాకోసం విప్పింది తక్కువ. పక్క సీట్లో సొమ్మసిల్లిన ముసలమ్మ కోసమో, ఫుట్‌బోర్డు దగ్గర వాంతి చేసుకున్న పిల్లాడి కోసమో విప్పిందే ఎక్కువ. మామూలు దాహానికి నేను ఇది తాగను. ఎండలో గంటా రెండు గంటల ప్రయాణానికి మంచినీళ్ళు, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ చాలు. రోజూ షోకుగా తాగే పానీయం కాదిది.

ముందు రుచి సంగతి. బాగోదు. ఉప్పగా ఉంటుంది, వెనకనుంచి సన్నగా తీపి తగులుతుంది, సిట్రేటు వల్ల నాలుక మీద కాస్త సబ్బు చాయ మిగులుతుంది. నారింజ ఫ్లేవరు వాసనకే గానీ రుచిని పెద్దగా మార్చదు. చల్లటి నీళ్ళతో కలిపితే కొంత నయం. సరిగ్గా కలిపిన ద్రావణం కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. అంతకు మించి ఉప్పగా ఉంటే నీళ్ళు తక్కువ పోశారన్నమాట, పారబోసి మళ్ళీ కలపండి. "ఇంకొంచెం చక్కెర వేస్తే పిల్లలు తాగుతారు కదా" అని అడిగేవాళ్ళున్నారు. వేయకూడదు. ఎందుకో కింద చెప్తాను, అసలు సరుకంతా అక్కడే ఉంది.

ప్యాకెట్ తయారీకి మాత్రం నా దగ్గర మార్కులు పడవు. పైన చింపితే నోరు వెడల్పుగా తెరుచుకుంటుంది, వాటర్ బాటిల్ మూతి సన్నగా ఉంటుంది. కుదుపుల బస్సులో సగం పొడి ఒళ్ళో పడుతుంది. నేను పాత ప్రశ్నపత్రాన్ని గరాటులా చుట్టి పోస్తాను. బస్టాండులో అమ్మే లీటరు బాటిల్లో మెడ దగ్గర కొంత ఖాళీ ఉంటుంది, ఈ పొడికి ఆ ఖాళీ చాలు. నిదానంగా పోసి, మూత బిగించి, అడుగున పలుకులు కరిగేదాకా ఊపాలి. కలిపాక వేడి చేయకూడదు, ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి.

ఇంకో ఫిర్యాదు. నేను ఈసారి కొన్న ప్యాకెట్ మీద సూచనలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉన్నాయి, అదీ నా కళ్ళజోడుకు కూడా అందనంత చిన్న అక్షరాల్లో. దీని ఫలితం మా వీధిలో చూస్తూనే ఉంటాను. లీటరు ప్యాకెట్లో సగం తీసి గ్లాసు నీళ్ళలో కలుపుతారు, మిగతా సగం మడతపెట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. గ్లాసులో ఉన్నది ఉప్పు కషాయం, చంటిపిల్లలకు అలా పడితే ప్రమాదం. మడతపెట్టింది రేపటికి తేమ పీల్చి గడ్డ కడుతుంది. లీటరు ఒక్కసారే వద్దనుకుంటే 200 మిల్లీలీటర్లకు కలిపే చిన్న సాషేలు దొరుకుతాయి. అయితే "ఒక గ్లాసు" అంటే ఎవరింట్లో ఎంత? మా ఇంట్లో స్టీలు గ్లాసుల్లోనే మూడు సైజులున్నాయి. ఒకసారి 200 మిల్లీలీటర్లు కొలిచి పోసి, మీ గ్లాసులో అది ఎక్కడికి వస్తుందో గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పనితనం. అందులో గ్లూకోజ్ ఎందుకుంది అని అడిగితే నూటికి తొంభైమంది "నీరసం పోవడానికి" అంటారు. లీటరులో ఉన్నది పదమూడున్నర గ్రాములు. ఆ కాస్త తీపితో ఏ నీరసమూ పోదు. అది అక్కడున్నది ఉప్పును లోపలికి తీసుకెళ్ళడానికి.

మన చిన్నపేగు లోపలి గోడ మీద ఒకే వరుసలో కణాలు పేర్చి ఉంటాయి. వాటి త్వచంలో, అంటే పేగులో ఉన్న ఆహారం వైపు తిరిగిన పక్కన, ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. క్లాసులో నేను దీన్ని బస్సు అంటాను. ఒక్క సోడియం వచ్చినా ఎక్కించుకోదు, ఒక్క గ్లూకోజ్ వచ్చినా ఎక్కించుకోదు. రెండు సోడియంలు, ఒక గ్లూకోజ్ కలిసి వస్తేనే కదిలి లోపల దించుతుంది. వాళ్ళు దిగిన వైపుకి ద్రవాభిసరణ వల్ల, అంటే గాఢత ఎక్కువున్న వైపుకి నీళ్ళు జరగడం వల్ల, నీళ్ళు కూడా వెళ్తాయి. మనకు కావాల్సింది చివరికి ఆ నీళ్ళే. ఈ పాఠం చెప్తున్నప్పుడు వెనక బెంచీ పిల్లాడొకడు "మరి బస్సుకి డీజిల్ ఎవరు పోస్తారు మేడమ్?" అన్నాడు. ఆ రోజు వాడికి చప్పట్లు కొట్టించాను, ఎందుకంటే అసలు ప్రశ్న అదే.

ఆ బస్సుకు సొంత డీజిల్ లేదు. కణానికి అవతలి పక్కన, రక్తం వైపు, సోడియం-పొటాషియం పంపు ఉంది. కణానికి ఇంధనమైన ఏటీపీని ఒక్కో అణువు ఖర్చుపెట్టి మూడు సోడియంలను బయటికి తోసేసి, రెండు పొటాషియంలను లోపలికి లాగుతుంది. ఇలా తోడుతూనే ఉండటం వల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. పేగులో ఉన్న సోడియం ఆ పల్లంలోకి జారాలని చూస్తుంది, ఆ జారుడే గ్లూకోజ్‌ను కూడా లోపలికి ఈడుస్తుంది. ఖర్చు ఒక తలుపు దగ్గర, ప్రయాణం ఇంకో తలుపు దగ్గర. ఈ పంపును 1957లో కనిపెట్టిన యెన్స్ స్కౌ అనే డెన్మార్క్ శాస్త్రవేత్తకు 1997లో నోబెల్ వచ్చింది. నలభై ఏళ్ళు ఆగాల్సి వచ్చిందాయన, పంపు మాత్రం ఒక్క క్షణం ఆగదు.

ఇక విరేచనాలప్పుడు ఏం జరుగుతుంది? కలరానే తీసుకుందాం. ఆ క్రిమి విడుదల చేసే విషం పేగు కణాల్లో క్లోరైడ్ బయటికి పోయే ద్వారాలను తెరిచి వదిలేస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీళ్ళు, గంటల్లో లీటర్లకు లీటర్లు పోతాయి. విచిత్రం ఏమిటంటే, ఇంత జరుగుతున్నా ఎస్‌జీఎల్‌టీ1కు ఏమీ కాదు. అది ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటుంది, ఎక్కేవాళ్ళు సరైన లెక్కలో వస్తే చాలు. ఉత్త ఉప్పునీళ్ళు తాగితే అవి పేగులోనే నిలబడిపోతాయి. ఉత్త మంచినీళ్ళు తాగితే పోయిన లవణాలు తిరిగి రావు. చక్కెర మరీ ఎక్కువైతే ఇంకా ఘోరం. లోపలికి పోలేని చక్కెర పేగులో ఉండి, ఒంట్లో నీళ్ళను కూడా పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. అందుకే 2002లో పాత లెక్కను సవరించి గ్లూకోజ్‌ను 20 గ్రాముల నుంచి 13.5కి, ఉప్పును 3.5 నుంచి 2.6కి తగ్గించారు. ద్రావణం గాఢత లీటరుకు 311 మిల్లీఆస్మోల్‌ల నుంచి 245కి దిగింది, మన రక్తం కంటే పలుచన. తీపి కోసం చెంచాడు చక్కెర వేసినవాళ్ళు ఇన్నేళ్ళ లెక్కను ఒక్క చెంచాతో చెడగొట్టినట్టే.

సోడియం, గ్లూకోజ్ జంటగా కదులుతాయని 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పాడు. అది అప్పటికి ప్రయోగశాల కబురు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే డాక్టర్లు గ్లూకోజ్, లవణాలు కలిపిన ద్రావణాన్ని కలరా రోగులకు నోటిద్వారా ఇచ్చి, అది పనిచేస్తుందని చూపించారు. పెద్ద పరీక్ష 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధానికి భయపడి లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు, వాళ్ళతో కలరా కూడా వచ్చింది. బన్‌గావ్‌లో పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ అయిపోతోంది. గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా తూకం వేసి ప్యాకెట్లు కట్టించి, నీళ్ళలో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో పోయారు, ఆ మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఇవ్వడానికి దేశానికి యాభై ఏళ్ళు సరిపోలేదు.

నన్నడిగితే ఈ ప్యాకెట్ గెలిచింది సగం రసాయనం వల్ల, సగం బరువు వల్ల. లీటరు సెలైన్ పంపాలంటే లీటరు నీళ్ళను మోయాలి, అదీ క్రిమిరహితంగా, సీసాతో సహా, వెంట సూదీ ట్యూబూ, ఎక్కించడం తెలిసిన మనిషీ కూడా ఉండాలి. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, లారీ కావాలి, లారీ వెళ్ళే రోడ్డు కావాలి. అదే పొడి అయితే వెయ్యి లీటర్లకు ఇరవై కిలోల పైచిలుకు. ఒక మనిషి నెత్తిన పెట్టుకుని వాగు దాటేయొచ్చు. నీళ్ళు ఏ ఊళ్ళో ఉండేవి ఆ ఊళ్ళోనే ఉంటాయి, కాచి చల్లార్చుకుంటే సరి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఇంకో అడుగు ముందుకేసి ప్యాకెట్‌ను కూడా తీసేసింది. ఇంటింటికీ వెళ్ళి, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు అని ఆడవాళ్ళకు నేర్పించింది.

ఇక మెడికల్ షాపుల సంగతి. ఒక షాపులో నేను "ఓఆర్ఎస్ ఇవ్వు బాబూ" అంటే ఫ్రిజ్‌లోంచి యాపిల్ బొమ్మున్న డబ్బా తీశాడు.

"ఇది కాదు, పొడి ప్యాకెట్ ఇవ్వు."

"రెండూ ఒకటే మేడమ్. దీనికైతే కలిపే పని లేదు."

డబ్బా వెనక చదివాను. చక్కెరను లీటరుకు లెక్కగడితే వంద గ్రాముల దరిదాపుల్లో ఉంది. ఉండాల్సింది పదమూడున్నర. అది దాహానికి తాగే జ్యూసు, విరేచనాలైన పిల్లాడికి పట్టకూడనిది. ఇలాంటి డబ్బాల మీద "ఓఆర్ఎస్" అన్న అక్షరాలు కనిపించకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు, హైకోర్టుకు వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఒప్పుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు సరిపోని పానీయాలు పేరులో ఎక్కడా, ముందు గానీ వెనక గానీ ఏ మాట తగిలించినా, ఓఆర్ఎస్ అని వాడకూడదని ఆదేశమిచ్చింది. మంచి పని. కానీ డబ్బా మీద పేరు మారినంత తేలిగ్గా కౌంటరు వెనక మనిషి నోటి అలవాటు మారదు. సరైన లెక్కతో రెడీగా కలిపి అమ్మే ద్రావణాలు కూడా ఉన్నాయి, పొడికంటే ఖరీదు ఎక్కువ. తీసుకుంటే తీసుకోండి, వెనక చదివాకే.

ఇంట్లో ఉన్నవాటితో పోలిస్తే ఎలా? కొబ్బరిబొండంలో పొటాషియం బాగానే ఉంటుంది, సోడియం చాలా తక్కువ. షాపుల్లో డబ్బాలో అమ్మే గ్లూకోజ్ పొడిలో తీపి ఉంటుంది, చాలావాటిలో ఉప్పు ఉండదు, కాబట్టి ఈ పనికి రాదు. మజ్జిగలో ఉప్పేస్తే కొంత సాయమే. నాకు నచ్చిన పోటీదారు గంజి. మా అత్తయ్య గురజాలలో ఎవరికి విరేచనాలైనా అన్నం మెత్తగా ఉడికించి, గంజి వార్చి, ఉప్పు వేసి పంపేది. బియ్యంలోని పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజ్‌గా విడిపోతుంది, ఒకేసారి గాఢత పెరగదు. కలరా రోగుల మీద బియ్యంతో చేసిన ఓఆర్ఎస్ బాగా పనిచేసిందని పరీక్షల్లో కూడా తేలింది. ప్యాకెట్ దొరకని రాత్రి పూట అయితే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. పొటాషియం, సిట్రేటు ఇందులో ఉండవు గానీ, తెల్లవారేదాకా నెట్టుకొస్తుంది.

పోయిన ఎండాకాలం ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్ళాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కగానే మా ఆడపడుచు కొడుక్కి వాంతులు మొదలయ్యాయి. పొద్దున్నుంచీ వాడికి విరేచనాలు కూడా. గ్లాసుతో పట్టిస్తే పట్టించినంత కక్కేశాడు. "వదినా, నీ మందు వీడికి పడటం లేదు" అంది. పది నిమిషాలు ఆగమని చెప్పి, చెంచాతో మొదలుపెట్టాను. ఒక చెంచా, ఒకటి రెండు నిమిషాల విరామం, మళ్ళీ ఒక చెంచా. విసుగు పుట్టే పని, బస్సు ఒక్కో మలుపు తిరిగినప్పుడల్లా సగం చెంచా చొక్కా మీదే పోయింది. దేవస్థానం సత్రానికి చేరేసరికి వాడు ఉచ్చపోశాడు. ఇంట్లో వాళ్ళంతా నవ్వారు గానీ, నేను చూస్తున్నది దానికోసమే, ఒంట్లో నీళ్ళు నిలిచాయనడానికి అదే గుర్తు.

ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది వాంతుల్ని ఆపదు, విరేచనాల్నీ ఆపదు. "నాలుగు ప్యాకెట్లు తాగినా తగ్గలేదు, వేస్ట్" అని అనేవాళ్ళు వేరే పనిని దీని మీద మోపుతున్నారు. పోయిన నీటినీ లవణాన్నీ తిరిగి చేర్చడమే దీని పని, జబ్బు దానంతటది తగ్గేదాకా మనిషిని నిలబెడుతుంది. పిల్లలకు దీంతోపాటు జింకు కూడా ఇస్తారు, ప్రభుత్వ ఆస్పత్రిలోనూ ఆశా కార్యకర్త దగ్గరా రెండూ ఉచితంగానే దొరుకుతాయి. తల్లిపాలు ఆపకూడదు. పిల్లాడు మగతగా ఉన్నా, కళ్ళు గుంటలు పడినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇక చెంచా పక్కనబెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి.

కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు, బీపీ ఎక్కువున్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగొద్దు. షుగరున్నవాళ్ళకు ఇంకో ముక్క. మావారు వేసుకునే షుగరు మాత్ర పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటుంది. ఆ మాత్ర ఏం చేస్తుందంటే, మన ఎస్‌జీఎల్‌టీ1కు తమ్ముడైన ఎస్‌జీఎల్‌టీ2ను కిడ్నీలో అడ్డుకుంటుంది. వడపోతలో బయటికి వచ్చిన గ్లూకోజ్‌ను తిరిగి రక్తంలోకి చేర్చేది అదే. దాన్ని ఆపితే చక్కెర మూత్రంలో పోతుంది, వెంట నీళ్ళను కూడా తీసుకుపోతుంది. షుగరుకు అది మంచిదే, కానీ వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు అటూ ఇటూ రెండువైపులా నీళ్ళు పోతాయి. అలాంటి రోజు ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. మేము అడిగి రాసిపెట్టుకున్నాం, ఫ్రిజ్ తలుపు మీద అంటించాం.

నా సలహా: బ్యాగులో చిన్న సాషేలు, ఇంట్లో పెద్ద ప్యాకెట్లు రెండు. బీరువాలో పెట్టి మర్చిపోకండి, గడువు తేదీ చూస్తూ ఉండండి, లోపల గడ్డకట్టినట్టు చేతికి తగిలితే మార్చేయండి. రుచికి ఒకటిన్నర, ప్యాకింగ్‌కు రెండు, పనితనానికి ఐదుకు ఐదు. మొత్తం మీద నాలుగు నక్షత్రాలు. "లీటరు నీళ్ళలో మొత్తం పొడి ఒక్కసారే కలపండి" అని పెద్ద తెలుగు అక్షరాల్లో వేసిన రోజున ఐదోది కూడా ఇచ్చేస్తాను.